ఫిజీ దీవులలో అతిథి యెవరు?

(గ్రంథాలయ సభలో చేసిన యుపన్యాసము)

పదునెనిమిది సంవత్సరములు పరదేశమున నుండి వచ్చినవాడనగుటచే, అచ్చటి కల్లోలములను గుఱించి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను రాజకీయవేత్తను గాను. ఫిజీ దీవులలో బా అను పట్టణమునకు చేరువ, చెఱకుతోటల నడుమనున్న యొక పాఠశాలలో లెక్కలు చెప్పి జీవించినవాడను. 1983లో పోయితిని, 2001లో తిరిగివచ్చితిని. నేనచ్చట నుండగనే ప్రజలెన్నుకొన్న ప్రభుత్వములు మాటిమాటికి ఆయుధబలముచే కూలద్రోయబడినవి.

మనవారు ఫిజీకి పోయినది విహారమునకు గాదు. 1879 మే 14వ తేదీన లియోనిదాస్ అను ఓడ మొదటి కూలీల నచ్చటికి చేర్చినది. 1916 వఱకు సుమారు 60,000 మంది పోయిరి. 1903 మొదలు చెన్నపట్టణపు రేవునుండియు ఓడలు సాగినవి. వానిలో ఉత్తరార్కాడు, విశాఖపట్టణము, గోదావరి, కృష్ణా మండలముల వారుండిరి. అయిదేండ్లు పనిచేయుదుమని వేలిముద్ర వేసిన ‘అగ్రిమెంటు’ వారి నోట ‘గిర్మిట్’ ఐనది. గడువు తీరిన పిమ్మట పెక్కుమంది యచ్చటనే నిలిచి, కౌలుభూములలో చెఱకు పండించి, పిల్లలకు చదువు చెప్పించుకొనిరి. ఫిజీ నాకు పరదేశము; వారి మనుమలకు గాదు. ఈ భేదము నాకు బోధపడుటకు 1987వ సంవత్సరము రావలసివచ్చెను.

ఆ యేట ఏప్రిలు ఎన్నికలలో, 1970లో స్వాతంత్ర్యము వచ్చిననాటినుండి పాలించుచుండిన పక్షము ఓడినది. డాక్టరు తిమొచి బవద్రా ప్రధానియయ్యెను. ఆయన ఫిజీ మూలవాసియే. ఆయన మంత్రులలో ఇరుజాతులవారును గలరు. ఒక్క నెల గడిచినంతనే, మే 14న, సైన్యములో మూడవ స్థానముననున్న రబుకా అను అధికారి శాసనసభలో సైనికులను ప్రవేశపెట్టి ప్రధానిని, ఆయన పక్షమువారిని బంధించెను. లియోనిదాస్ వచ్చిన దినమే యది. నూట యెనిమిదేండ్ల వెనుక.

ఆ రాత్రి మా పొరుగు రైతు నా యింటికి వచ్చెను. ఆయన ముత్తాత విశాఖపట్టణ మండలమునుండి పోయినవాడు. ఇంట మాటాడునది హిందీ. తెలుగున పది మాటలు మిగిలినవి. ఆయన నన్నిట్లడిగెను: “మాస్టరుగారూ, మీ పెట్టెలో పాసుపోర్టు గలదు. విమానమెక్కితిరా, మీ తల్లిగారిని చూతురు. నన్ను గూడ స్వదేశమునకు పొమ్మనుచున్నారు. అది యెచ్చటనున్నదో మీరు చెప్పుడు.”

“భారతదేశము లేదా?” యంటిని. ఓదార్పు చెప్పితిననుకొంటిని. ఆయన నవ్వి, “అచ్చట మా యూరిపేరైన నాకు తెలియదు. ఇచ్చట మా తాత నాటిన మామిడిచెట్టు గలదు” అని లేచిపోయెను.

అదే రాత్రి ప్రక్క గ్రామమునుండి మూలవాసులిద్దఱు, నా శిష్యుల తండ్రులు, వచ్చి మా వసారాలో చాప పఱచుకొని, యాంగోనా కలుపుకొని త్రాగుచు, తెల్లవాఱువఱకు కూర్చుండిరి. ఎందుకని యడుగగా, “మా పిల్లల పంతులు ఇంటిమీద ఱాయి పడిన, అది మా గ్రామమునకు సిగ్గు” అనిరి. కావున ఇది రెండు జాతుల పుట్టువైరమని యెవరైన చెప్పినయెడల నేను నమ్మను.

ఐనను మూలవాసుల భయము బూటకము గాదు. ఆ దేశపు భూమిలో నూటికి 80 పాళ్లకు మించి వారి గణములదే, దానిని అమ్మరాదు. భూమి పోయిన వంశముండదని వారి నమ్మకము. పరాయిపాలనలో భూములు పోగొట్టుకొన్న జాతుల చరిత్ర యెఱిగినవారు ఆ నమ్మకమును హేళన చేయరు. కాని 1970 రాజ్యాంగమే ఆ భూచట్టములకు గట్టి రక్షణ కల్పించినది. పెద్దల మహాసభ నియమించిన సెనేటు సభ్యుల సమ్మతి లేనిదే వానిని మార్చరాదు. భయమునకు మందు గలదు. దానిని చూపక, భయమునే పెంచి గద్దె సంపాదించినవారిదే దోషము.

1999లో మహేంద్ర చౌధురీ భారతసంతతివారిలో మొదటి ప్రధానియయ్యెను. సరిగా సంవత్సరమునకు, 2000 మే 19న, జార్జి స్పైట్ అను వ్యాపారి సాయుధులతో శాసనసభను పట్టుకొని, ప్రధానిని, సభ్యులను 56 దినములు బందీలుగా నుంచెను. పల్లెలలో కొన్ని కుటుంబములు ఇండ్లు విడిచి లౌటోకాలోని శిబిరమునకు చేరినవి. ఇల్లు విడువవలసివచ్చిన యొక రైతు న్యాయస్థానమునకెక్కి, 1997 రాజ్యాంగము రద్దుకాలేదని 2001లో అప్పీలు కోర్టుచేత గూడ చెప్పించెను. అదే కాలమున ముప్పదేండ్ల కౌలుల గడువులు తీఱుచుండెను. మా పొరుగువాని కౌలు మరల సాగలేదు. ఆయన పట్టణమునకు పోయి అద్దె యింట చేరెను. నేను పెట్టె సర్దుకొంటిని. పోగలిగినవాడను గనుక పోయితిని.

1986 జనగణనలో భారతసంతతివారు నూటికి 48 మందికి మించియుండిరి. 2007 నాటికి 37 మందియైరి. 2013 రాజ్యాంగము పౌరులందఱికిని ఫిజియనులను ఒక్క పేరిచ్చినది. 2022 చివర ఎన్నికలద్వారా ప్రధానియైన ఆ రబుకాయే, 2023 మే నెలలో గిర్మిట్ సంతతివారిని బహిరంగముగా క్షమింపవేడెను. ఆలస్యమైనను అది మంచి పని. ఈలోపల వెడలిపోయినవారు మాత్రము మరల రారు.

మహాజనులారా! దూరదేశమున మనవారికి కష్టము వచ్చెనని వినినంతనే “తిరిగిరండు” అందుము. అది ఔదార్యమని తలతుము. వారిని తఱుముచున్నవాడనునదియు ఆ మాటయే గదా! నేనును ఆ రాత్రి మా పొరుగువానితో నదియే యంటిని. “ఇది మీ దేశమే, మీ హక్కు నిలువవలెను” అని యుండవలసినది. అనలేకపోయితిని.

మన యూళ్లలోను ఎచ్చటినుండియో పనికై వచ్చి మూడు తరములుగా నిలిచినవారు గలరు. వారిని “మీ దేశమేది?” అని యడుగబోవునప్పుడు ఆ మామిడిచెట్టును జ్ఞప్తికి తెచ్చుకొనుడని ప్రార్థించి విరమించుచున్నాను.