పాత కర్ర యింటికి క్రొత్త గది
(తల్లిదండ్రుల సభలో మన పాఠశాల ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



ఈ సంవత్సరము మన బడికి ఒక గది చాలకున్నది. రెండు తరగతుల పిల్లలు ఒకే వసారాలో కూర్చుండుటచే ఒకరి ఎక్కములు మరియొకరి పద్యములతో కలిసిపోవుచున్నవి. గది కావలెననుటలో భేదాభిప్రాయము లేదు. అది యెట్లు కట్టవలెనను విషయమున మాత్రము రెండు మాటలు వినవచ్చుచున్నవి. పాత కర్ర యింటిని పడగొట్టి కాంక్రీటు మేడ లేపుదమని కొందరు; ఉన్నదానిని ఉంచి ప్రక్కన గది చేర్చుదమని కొందరు. మేము రెండవ పక్షము వారము. అందుకు కారణములను, ఆ పని చేయు పద్ధతిని మనవి చేయుటకే ఈ నాలుగు మాటలు.

మన బడి నడచుచున్న యిల్లు టేకు స్తంభములపై టేకు దూలములెత్తి, వాసములు పరచి, పెంకులు కప్పినది. అందులో గోడలు మరుగు కొరకే; భారమంతయు స్తంభములు మోయుచున్నవి. చంద్రపూరు చాందా అని పిలువబడిన నాటి నుండియు ఈ ప్రాంతమునకు టేకే సిరి. 1982లో గడ్చిరోలి వేరు జిల్లా కాగా ఆల్లాపల్లి, సిరొంచ అడవులు అటు చేరినవి. 2023లో అయోధ్య రామాలయమునకు ఈ రెండు జిల్లాల టేకు బల్లార్‌పూరు నుండి ఊరేగింపుగా పంపబడినది. అంత దూరమునకు కోరి తీసికొనిపోవు కర్ర మన తలపైననే యున్నది. దానిని వంటచెరకు ధరకు అమ్మివేయుట వివేకము కాదు.

అయితే పాత యింటికి గది చేర్చుట క్రొత్త యిల్లు కట్టుట కంటె కష్టము. ఈ మాట మేము నష్టపడి నేర్చుకొన్నది. కొన్ని యేండ్ల క్రిందట పడమటి ప్రక్కన ఒక పంచ వేయించితిమి. పునాది లోతుగా త్రవ్వించలేదు. క్రొత్త దూలము కొనను పాత స్తంభమునకే మేకులతో బిగించితిమి. రెండు వానకాలములు గడచునప్పటికి క్రొత్త గోడ క్రుంగినది. క్రుంగుచు పాత స్తంభమును తనతో లాగినది. పెంకులు జారి, మూడవ తరగతి పిల్లల పలకలపై నీరు కారినది. తప్పు మేస్త్రీది కాదు, తొందర మాది.

ఇందుకు మూలము మన నేల. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. మే నెలలో 45 డిగ్రీలు దాటు ఎండయు, ఆ వెంటనే కుంభవృష్టియు గల యీ ఊరిలో నేల ప్రతి సంవత్సరము కదలుచునే యుండును. పాత యిల్లు ఆ కదలికకు ఏనాడో అలవాటు పడి నిలిచినది. క్రొత్త గది ఇంకను నిలదొక్కుకొనవలెను. ఆ రెండింటిని గట్టిగా కట్టివేసినచో ఒకటి రెండవదానిని చీల్చును.

కనుక మొదటి నియమము: క్రొత్త గదికి తన పునాది తనకుండవలెను. రేగడిని దాటి గట్టి మొరము తగులువరకు త్రవ్వవలెను. పునాది చుట్టును రేగడికి బదులు మొరము నింపి, వాననీరు గోడ వద్ద నిలువకుండ వాలు చేయవలెను. క్రొత్త స్తంభములను మట్టిలో పాతక రాతి దిమ్మలపై నిలుపవలెను. లేనిచో చెదలకు విందు చేసినట్లగును.

రెండవది: పాత గోడకును క్రొత్త గోడకును నడుమ ఒక అంగుళము సందు విడువవలెను. ఆ సందుపై కప్పు బద్దను ఒక ప్రక్కననే బిగించి, రెండవ ప్రక్క జరుగుటకు వీలుగా వదలవలెను. ఇది క్రొత్త ఆలోచన కాదు. నార్వే, ఫిన్లాండు, రష్యా దేశములలో దుంగలను ఒకదానిపై నొకటి పేర్చి ఇండ్లు కట్టుదురు. కర్ర ఎండినపుడు నిడివిలో దాదాపు తగ్గదు, అడ్డముగా ముడుచుకొనును. అందుచే పచ్చి దుంగలతో లేపిన మూడు మీటర్ల గోడ కొన్ని సంవత్సరములలో పది సెంటీమీటర్ల వరకు క్రుంగవచ్చును. అక్కడివారు ద్వారబంధములపై ఖాళీ విడిచెదరు. చేర్చిన గదిని పాత గోడకు జారుడు కీలుతోనే కలిపెదరు. మన స్తంభములు నిలువుగా నున్నందున మనకు అంత క్రుంగుబాటు లేదు గాని సూత్రము ఒకటియే.

మూడవది కప్పు. క్రొత్త కప్పును పాత చూరు క్రింది నుండి విడిగా, వేరు వాలుతో దింపవలెను. రెండు వాలులు ఎదురెదురుగా కలియుచోట నీరు నిలిచి వాసములు కుళ్లును. పాత గది కిటికీలు మూయకుండ, పడమటి ఎండకు వసారా అడ్డముగా నుండునట్లు గదిని అమర్చవలెను. ద్వారము కొరకు గోడను తొలచవచ్చును గాని స్తంభమును ముట్టరాదు.

ఇక కర్ర. పచ్చి కర్ర కొనరాదు. గాలిలో ఆరుటకు అంగుళము మందమునకు సుమారు ఒక సంవత్సరమని వడ్రంగుల లెక్క. అంతకాలము ఆగలేము కనుక, విప్పిన పాత యిండ్ల టేకు కొనుట మేలు. అది ఆరి యుండును. తెల్లకర్రను విడిచి చేవకర్రనే ఏరవలెను. మేకులు, చెద రంధ్రములు చూడవలెను. విక్రేత వద్ద రసీదును, అటవీ శాఖ రవాణా అనుమతిని అడిగి తీసికొనవలెను. బడి పని గనుక ఒక కర్ర కూడ దొంగది కారాదు.

రాజ్యాంగపు 30వ అధికరణము భాషా అల్పసంఖ్యాకులకు బడి పెట్టుకొను హక్కునిచ్చినది. 1956లో చేర్చిన 350ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పింప యత్నింపుమని రాష్ట్రములకు చెప్పుచున్నది. హక్కు మనకు తలుపు తెరచినది. తల దాచుకొనుటకు కప్పు మనమే వేసికొనవలెను. ఎండలు ముదురునప్పటికి కర్ర చేరవలెను. మృగశిర వానలకు ముందే పునాది పైకి రావలెను. వడ్రంగులు, మేస్త్రీలు అయిన తండ్రులు మీలో నున్నారు. ఒక్కొక్కరు కొన్ని ఆదివారములు ఇచ్చినచో కూలి ఖర్చు చాల తగ్గును.

క్రొత్త గదిలో మరాఠీ, ఆంగ్ల తరగతులు జరుపవలెనని మా సంకల్పము. 2020 నాటి శాసనముతో మహారాష్ట్ర బడులలో మరాఠీ బోధన తప్పనిసరి అయినది. తప్పనిసరి కాకున్నను నేర్పవలసినదే. మన పిల్లలు ఈ ఊరిలో బ్రదుకవలసినవారు. మరాఠీ వచ్చుటకు తెలుగు మానిపింపవలెనేమో యని మీలో కొందరు మమ్ము అడిగితిరి. అక్కరలేదు. గది చేర్చుటకు మూలస్తంభమును పెరుకనక్కరలేదు గదా!

 లెక్కల పత్రము కార్యాలయములో నున్నది. దయచేసి చూచి, సందేహములుండిన నిస్సంకోచముగా అడుగుడు.