ఇల్లు అమ్ముటకు ముందు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పినారు. ఇల్లు అమ్మి చూడు అని వారు చెప్పలేదు. అయినను అదియు అంత సులభమైన పని కాదని అమ్మినవారికెల్ల తెలియును. పిల్లలు ఉద్యోగముల నిమిత్తము దూరప్రాంతములలో స్థిరపడుటచేతను, తలిదండ్రులు గతించుటచేతను, ఊరిలోని పాత ఇంటిని అమ్మవలసిన అవసరము నేడు ఎన్నో కుటుంబములకు కలుగుచున్నది. అట్టి సమయమున ఇంటిని ఏ విధముగా సిద్ధపరచవలెనో మనము కొంచెము ఆలోచింతము.

సాధారణముగా మనకు మొదట తోచునది సున్నము. గోడలకు వెల్ల వేయించి, తలుపులకు రంగు పూయించి, గడపకు పసుపు రాచినచో ఇల్లు కళకళలాడును. ఇందు తప్పేమియు లేదు. కాని మిద్దె కురిసి గోడ చెమ్మగిల్లినచోట దానిపై వెల్ల వేయించుట సిద్ధపరచుట కాదు, దాచుట. వానకాలము రాగానే ఆ మచ్చ మరల పైకి తేలును. సున్నముతో కట్టిన పాత గోడకు సిమెంటు పూత పూయించినచో లోని చెమ్మ వెలికిపోవు దారి మూసికొనిపోయి గోడ మరింత చెడును. కావున ముందుగా మిద్దెమీది పగుళ్లను పూడ్పించి, నీరు పోవు తూములను బాగుచేయించి, గోడ ఆరిన పిమ్మట సున్నమే వేయించుట మేలు. దూలములకు చెద పట్టినదేమో వడ్రంగిచేత చూపించవలెను.

బాగుచేయజాలని లోపమును కొనువారికి చెప్పివేయవలెను. ఇది ధర్మము మాత్రమే కాదు, చట్టము కూడను. కొనువారు సామాన్యమైన జాగ్రత్తతో కనుగొనజాలని ముఖ్యలోపము అమ్మువారికి తెలిసియున్నచో దానిని వెల్లడింపవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను చెప్పుచున్నది. ఈ నియమము గోడలకే కాక హక్కులకును వర్తించును.

హక్కుల మాట వచ్చినది గనుక కాగితముల పెట్టె తెరువవలెను. మన దస్తావేజు, దానికి ముందరి లింకు దస్తావేజులు, ఇంటిపన్ను రసీదులు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునుండి తెచ్చు ఈ.సీ. సమకూర్చుకొనవలెను. రిజిస్టరు చేసిన తాకట్టు అప్పు తీరినను, ఆ రద్దు నమోదు కానిచో ఈ.సీ.లో భారము నిలిచియే యుండును. పన్ను ఇంకను తాతగారి పేరనే వచ్చుచున్నచో పేరు మార్పించుకొనవలెను.

అన్నిటికన్న ముఖ్యమైనది ఆడపడుచు సంగతి. తండ్రి తన స్వార్జితమైన ఇంటిని గూర్చి వీలునామా వ్రాయక గతించినచో, 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము ఆయన భార్యకు, తల్లికి, కుమారులకు, కుమార్తెలకు సమాన భాగములు కలవు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో పుట్టుకతో వచ్చు హక్కు, అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు ఆంధ్రప్రదేశమున 1986 నాటి సవరణచేతను, దేశమంతట కుమార్తెలందరకు 2005 నాటి సవరణచేతను లభించినది. 2005 నాటికి తండ్రి జీవించియుండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

పెండ్లినాడు కట్నమిచ్చితిమి గదా యనుట చట్టమునకు సమాధానము కాదు. రిజిస్ట్రేషనుకు ముందటి రాత్రి ఫోను చేసి, రేపు వచ్చి సంతకము పెట్టి పొమ్మనుట మర్యాదయును కాదు. అది ఆమె పుట్టిపెరిగిన ఇల్లు. సున్నము కలుపకముందే ఆమెను పిలిచి, ధర యెంత, భాగమెంత అని అందరును కూర్చుండి మాటలాడుకొనవలెను. ఆమె మనస్ఫూర్తిగా తన భాగము వదలుకొనదలచినను, అది రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరుగవలెను.

ఇట్లు చేసినచో కొనువారు గోడ తట్టి అడిగినను, కాగితము త్రిప్పి అడిగినను మనము తడుముకొన నక్కరలేదు. ఇల్లు పరులదైన పిమ్మటను, పండుగనాడు మన అక్కచెల్లెండ్రు మన గడప త్రొక్కుట మానరు.