గేటు మీది పలక

గోపాలపట్నము వీథులలో కొన్ని గేట్లకు "కుక్క యున్నది, జాగ్రత్త" అను పలక వ్రేలాడుచుండును. పలక పెట్టితిమి గనుక బాధ్యత తీరినదని యజమాని తలచును. కాని పోస్టుమానో, చదువురాని పసిబిడ్డయో కాటు తిన్నచో ఆ నష్టము నెవరు భరింపవలెను?

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారము, తన జంతువు వలన ఇతరులకు అపాయము కలుగకుండ తగిన జాగ్రత్త తీసికొననివానికి ఆరు నెలల వరకు ఖైదు గాని, అయిదువేల రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. 1860 నాటి శిక్షాస్మృతిలోను ఈ నేరము కలదు. జుల్మానా సాధారణముగా ఖజానాకు పోవును. వైద్యపు ఖర్చులకు, పోయిన కూలికి బాధితుడు సివిలు కోర్టులో పరిహారము కోరవచ్చును.

"ఇంటికి ఇన్సూరెన్సు ఉన్నది గదా!" అనువారు గలరు. అమెరికాలో గృహస్థుల పాలసీలు సాధారణముగా కుక్కకాటు పరిహారమును గూడ భరించును. మన దేశమున 2021 ఏప్రిల్ 1న వచ్చిన భారత్ గృహ రక్షా పాలసీ అట్టిది కాదు. 2014లో హుద్‌హుద్ వంటి తుఫాను వచ్చినచో ఇంటికి, సామానుకు కలుగు నష్టమునకే యది. పెంపుడు కుక్కలకై విడిగా అమ్ము కొన్ని పాలసీలలో ఇతరులకు కలుగు గాయమునకు రక్షణ దొరకును. షరతులు చదివి కొనవలెను.

అన్నిటికంటె చవకైనవి గొలుసు, ఏటేట రేబిస్ టీకా. కాటు పడినచో గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదిహేను నిమిషములు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను. వ్యాధిలక్షణములు కనిపించిన పిమ్మట ప్రాణము దక్కుట బహు అరుదు. ఏ పరిహారమును దానిని తిరిగి తేలేదు.