ఈ దారులకి మన పేర్లున్నాయి

(మన్యం యువతీ యువకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మైదానం నుంచి అభిమానంతో వచ్చిన మిత్రులూ! నన్ను పరుగు గురించి మాట్లాడమన్నారు. భూమి, అడవి, హక్కులు మాట్లాడుకునే చోట పరుగేమిటి అని కొందరికి అనిపించొచ్చు. కాసేపు వినండి, ఇది కూడా భూమి సంగతే.

పట్నాల్లో ఇప్పుడు పరిగెత్తేవాళ్లు బాగా పెరిగారు. విశాఖ బీచ్ రోడ్డు చాలక కొండల్లోకి వస్తున్నారు. వాళ్ల ఫోన్లలో మన మన్యం గీతలు గీతలుగా కనిపిస్తుంది. ఎవరు ఏ దారిన పరిగెత్తారు, ఎంత ఎత్తు ఎక్కారు, ఎన్ని నిమిషాలు పట్టింది, అన్నీ అందులో ఉంటాయి. ఆ దారి ఏ గూడేనికి పోతుందో మాత్రం చాలాసార్లు ఉండదు. 'కాఫీ ట్రైల్', 'క్లౌడ్ ట్రైల్' అని కొత్త పేర్లు పెట్టేస్తున్నారు.

రావొద్దని నేను అనను. మన దారులు అందమైనవే, మనకే ఆ సంగతి ముందు తెలుసు. పరిగెత్తేవాడి కంటితో చూస్తే అరకు లోయ ఒక రకం, పాడేరు ఇంకో రకం, చింతపల్లి వేరే. అరకు లోయ సముద్రమట్టానికి ఇంచుమించు 900 మీటర్ల ఎత్తు, కానీ లోయ అడుగు చాలావరకు చదును. డుంబ్రిగుడ మీదుగా చాపరాయి వైపు పోయే రోడ్డులో కొత్తగా పరుగు మొదలుపెట్టినవాడు కూడా ఊపిరి అందకుండా పోడు. నవంబరు, డిసెంబరుల్లో అయితే రెండు పక్కలా వలిసె పూలు, పసుపు ఆరబోసినట్టు. సుంకరమెట్ట వైపు తిరిగితే కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్ల నీడ, వాటికి అల్లుకున్న మిరియం తీగలు. వేసవి జల్లు పడ్డాక కాఫీ పూస్తుంది, ఆ నాలుగు రోజులూ ఆ వాసనలో పరిగెత్తడం కోసమే రావచ్చు. గాలికొండ నుంచి అనంతగిరి వైపు అంతా దిగుడే. సులువనుకుంటారు. దిగుడులోనే మోకాళ్లు పోతాయి, అడుగులు చిన్నగా వెయ్యాలి. మలుపుల దగ్గర టూరిస్టు బస్సులు హారన్ కొట్టకుండా వస్తాయి కాబట్టి ఎదురొచ్చే బండ్లు కనబడేలా కుడిపక్కనే ఉండండి.

పాడేరు ఘాట్ ఎక్కేవాళ్లకి బలం కావాలి. మినుములూరు దాటేదాకా కొండ వదలదు. వంజంగి కొండ గురించి నేను చెప్పక్కర్లేదు, తెల్లారకముందే టార్చిలైట్ల వరస చూస్తూనే ఉన్నారు. మబ్బు కిందికి, మనిషి పైకి. ఎండెక్కాక వాళ్లు వెళ్లిపోతారు, నీళ్ల సీసాలు మిగులుతాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టం లంబసింగి. మన పెద్దలు కొర్రబోయలు అంటారు, బయటుంటే కొయ్యలా బిగుసుకుపోతావని. శీతాకాలం పొద్దున్నే లంబసింగి నుంచి తాజంగి జలాశయం దాకా పరిగెత్తి చూడండి. మంచులో పది అడుగుల ముందు ఏముందో కనపడదు. ముందు ఆవుల మెడగంటలు వినిపిస్తాయి, తర్వాత ఆవులు, ఆ తర్వాత వాటి వెనక దుప్పటి కప్పుకున్న పిల్లాడు.

ఆ లంబసింగి రోడ్డు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నర్సీపట్నం నుంచి కొండెక్కి చింతపల్లి వైపు పోయే దారి అది. వందేళ్ల కిందట దాన్ని వెయ్యడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన వాళ్లని బలవంతంగా వెట్టికి లాగాడు. అంతకు ముందే 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు మీద ఆంక్షలు, అడవిలోకి పోతే జరిమానాలు. దాని మీద రోడ్డు వెట్టి. మన్యం తిరగబడ్డానికి ఆ రోడ్డు కూడా ఒక కారణం. గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు అల్లూరి సీతారామరాజుతో కలవడానికి వెనక బాస్టియన్ పెట్టిన బాధలున్నాయి.

1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాలు, తుపాకులు పట్టుకున్నారు. మ్యాపు తీసి ఆ మూడు ఊళ్లూ ఒకసారి చూడండి. మధ్యలో ఎన్ని కొండలు, ఎన్ని గెడ్డలు! అదీ వానాకాలం. దొరతనం దగ్గర గుర్రాలున్నాయి, తంతి ఉంది. మన వాళ్ల దగ్గర అడ్డదారులున్నాయి. మన పుస్తకాల్లో ఆ తిరుగుబాటు రామరాజు పేరు మీదే ఎక్కువ కనపడుతుంది. దారి చూపించినవాళ్ల పేర్లు, రాత్రిపూట గూడెం నుంచి గూడేనికి కబురు మోసినవాళ్ల పేర్లు అంతగా కనపడవు. మనం ఓర్పు పరుగు అంటున్నామే, అది వాళ్లది.

ఇప్పుడు మీ పరుగు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది తెల్లారి నాలుగింటికి లేచి రోడ్డెక్కుతున్నారని నాకు తెలుసు. కానిస్టేబుల్ సెలక్షన్‌కి 1600 మీటర్లు. ఆర్మీ ర్యాలీకి 1600 మీటర్లు. పట్నం నుంచి వచ్చినవాడు గుండె కోసం, సరదా కోసం పరిగెత్తుతాడు. మనవాడు ఉద్యోగం కోసం. ఇద్దరూ ఒకే మలుపులో ఎదురుపడుతున్నారు. వాడి కాళ్లకి వేల రూపాయల బూట్లు, మనవాడి కాళ్లకి సంతలో కొన్నవి. అసూయ పడమని చెప్పట్లేదు. మీ దగ్గర కొండ ఉంది. వారానికి రెండు రోజులు ఎగుడు ఎక్కండి, మిగతా రోజులు చదునులో గడియారం పెట్టుకుని వేగం చూసుకోండి. కొండ బలం ఇస్తుంది గానీ వేగం ఇవ్వదు. సెలక్షన్ గ్రౌండ్ చదునుగా ఉంటుందని గుర్తుపెట్టుకోండి. పరుగుకి ముందు చోడి అంబలి తాగండి. చెల్లెళ్లు ఒంటరిగా కాకుండా ముగ్గురు నలుగురు కలిసి వెళ్లండి. వానాకాలం గెడ్డ పొంగితే దాటొద్దు, ఆ రోజుకి పరుగు మానెయ్యండి.

ఇంకో సంగతి. ఇది మైదానం మిత్రులు కూడా వినాలి. కొండదారి మట్టిదారిగా ఉంటేనే పరిగెత్తడానికి బాగుంటుందని మీరంటారు. నిజమే. తారు మీద కంటే మట్టి మీద కాళ్లకి మేలు. కానీ అదే మట్టిదారిలో మా వాళ్లు పురిటి నొప్పులు పడే ఆడపిల్లని డోలీ కట్టి మోస్తున్నారు. ఇద్దరు మోస్తుంటే ఇద్దరు వెనక నడుస్తారు, భుజం మార్చుకోవడానికి. జారుతుంది, జలగలు పడతాయి, ఆగడానికి వీల్లేదు. కాబట్టి ఏ గూడెం వాళ్లు రోడ్డు కావాలంటే ఆ గూడేనికి రోడ్డు రావాలి. మీ ట్రైల్ పాడవుతుందని ఎవరూ అడ్డుచెప్పకండి. అలాగే గూడెం అడగని రోడ్డు, పైన రిసార్టు కోసమో తవ్వకం కోసమో వేసే రోడ్డు వద్దంటే మాతో నిలబడండి. అటవీ హక్కుల చట్టం, 2006, సెక్షన్ 3(2)లో ఇది రాసే ఉంది. రోడ్డుకి, బడికి, ఆసుపత్రికి హెక్టారులోపు అడవి భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. అడవి పేరు చెప్పి గూడెం రోడ్డు ఆపేవాళ్లకి ఈ సెక్షన్ చూపించండి.

పరుగు పోటీలు పెట్టేవాళ్లు వస్తే ఏం చెయ్యాలి? ముందు గ్రామసభకి రమ్మనండి. సర్పంచి ఒక్కడితో, ఊళ్లో ఒక్క పెద్దమనిషితో మాట్లాడుకుని పోవడం కుదరదు. ఎంతమంది వస్తారు, బండ్లు ఎక్కడ పెడతారు, చెత్త ఎవరు ఎత్తుతారు, రుసుములో ఊరికి ఎంత, దారి చూపే మన పిల్లలకి కూలి ఎంత, ఇవన్నీ కాగితం మీద పెట్టించండి. సంత రోజు వద్దనండి. పండగ ముందు కొత్త తినే కట్టుబాట్లుంటాయి, ఆ రోజులు వద్దనండి. పొలంలో పని చేసుకునే ఆడవాళ్లని అడక్కుండా ఫోటోలు తియ్యకూడదనండి. ఒప్పుకున్నవాళ్లకి అంబలి మనమే పోద్దాం.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది గుడారాల దగ్గర. పోటీ ఒక్క రోజే. ఆ తర్వాత ఎవడో ఒకడు వచ్చి, బాబూ, నీ మెట్ట మూడేళ్లకి లీజుకి ఇవ్వు, టెంట్లు వేసుకుంటాం, భూమి నీదే, అంటాడు. మంచి డబ్బే చూపిస్తాడు. 1/70 అని మనం అలవాటుగా అంటాం, చాలామంది అది అమ్మకాలకే అనుకుంటారు. కాదు. 1959 నిబంధన, 1970 సవరణ కలిపి చదవండి. అందులో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి కూడా బదిలీయే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడికి చేసిన అలాంటి బదిలీ చెల్లదు. మన వాడి పేరు ముందు పెట్టి వెనక పెట్టుబడి వాళ్లది పెట్టే ఏర్పాటు కూడా మీరు చూస్తూనే ఉన్నారు, ఆ మన వాళ్లు కొందరు మన చుట్టాలే. ఇంటికెళ్లి గొడవ పడమనట్లేదు, కూర్చోబెట్టి చట్టం చదివి వినిపించండి. 1997 సమత తీర్పు ఎక్కడి నుంచి వచ్చింది? ఇదే అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద పోరాడితే వచ్చింది. ఇవాళ పరుగు కోసం ఫోటోలు తీసే కొండలే అవి.

చివరిగా ఒక పని అప్పజెపుతున్నాను. వచ్చే గ్రామసభలోపు ప్రతి గూడెం నుంచి ఇద్దరు ముగ్గురు కలిసి మీ చుట్టూ ఉన్న కాలిదారులన్నీ పరిగెత్తండి. ఫోన్‌లో గీత పడుతుంది కదా, పడనివ్వండి. తర్వాత ఆ గీతతో ఊళ్లో ముసలివాళ్ల దగ్గర కూర్చోండి. ఈ మలుపు పేరేమిటి, ఈ రాయిని ఏమంటారు, అడ్డాకులకి ఏ దారిన పోయేవాళ్లు, దుంపలకి ఎటు, ఊట ఎక్కడ, శంకుదేవుడి గుడి ఎక్కడ, ఎవరి తాత ఇక్కడ పోడు కొట్టాడు, అన్నీ అడిగి రాయండి. కువిలో చెబితే కువి మాట, ఆదివాసీ ఒడియాలో చెబితే ఆ మాట, తెలుగులోకి మార్చకుండా తెలుగు లిపిలో రాయండి. సామూహిక అటవీ హక్కుల దరఖాస్తుకి పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా సాక్ష్యంగా చెల్లుతుంది. దుంపలు, ఫలసాయం సేకరించే చోట్లు, పశువులు మేసే చోట్లు, నీటి చోట్లు చూపించాలి. ఆ చోట్లన్నిటికీ పోయేవి ఈ దారులే. పటం రెండు ప్రతులు తియ్యండి, ఒకటి గ్రామసభ పుస్తకంలో అంటించండి, రెండోది అటవీ హక్కుల కమిటీకి ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు మర్చిపోవద్దు. చీకటి పడకముందు కొండ మీది ఊళ్ల వాళ్లు బయలుదేరాలి, కాబట్టి ప్రశ్నలుంటే వాళ్లే ముందు అడగండి.