ఒంటి సంపాదన ఇంట పొదుపు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఒక్కరి సంపాదనపై గడచు కుటుంబములు నాలుగు రూకలు నిలుపుకొను మార్గములను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను అర్థశాస్త్రము చదివినవాడను కాను. నేతగాని కుమారుడను. ముప్పది సంవత్సరములు బడిపంతులుగా ఒక్క జీతముతో సంసారము నడపినవాడను. ఆ అర్హతతోనే మీ ముందు నిలిచితిని.

ఒంటి సంపాదన అను మాటయందే నాకు కొంత సందేహము కలదు. మా తండ్రిగారు ఎమ్మిగనూరులో మగ్గము నేసెడివారు. కూలి ఆయన చేతికే వచ్చెడిది. కాని తెల్లవారుజామున లేచి రాట్నముపై కండెలు చుట్టినది మా అమ్మ. బడినుండి రాగానే తెగిన పోగులు అతికినవారము మేము. పత్తి చేలలోను ఇంతే. ఆదోని మార్కెటు యార్డులో పత్తి అమ్మిన చీటీ మగవాని పేర నుండును. ఆ పత్తి ఏరిన చేతులెవరివో మీరెరుగుదురు. సంపాదన ఒక్కరి పేర, కష్టము ఇంటిల్లిపాదిది. కనుక లెక్కయు ఇంటిల్లిపాదికి తెలియవలెను. ఎంత వచ్చినది, ఎంత పోయినది, ఎవరికెంత బాకీ యున్నది అను మూడు సంగతులు భార్యకు తెలియని ఇంట పొదుపు నిలువదు. ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు చాలును.

పొదుపు అనగానే మనవారి చూపు వంటయింటి మీదికి పోవును. అందులోను ఇల్లాలి పళ్ళెము మీదికి. మా అమ్మ అందరము తినిన పిదప మిగిలిన జొన్నరొట్టెను కారముతో తినెడిది. పప్పు మాకు, కారము ఆమెకు. దానిని మేమును పొదుపనియే తలంచితిమి. ఆమె రక్తహీనతతో మంచమెక్కిన యేట వైద్యమునకు చేసిన అప్పు, అన్నాళ్ళు ఆమె మిగిల్చిన దానికి ఎన్ని రెట్లో నేను లెక్క కట్టలేదు. కట్టుటకు మనసొప్పలేదు. పప్పు, ఆకుకూర, వేరుసెనగ, పిల్లల పాలు, వీనిలో మాత్రము కోత పెట్టవలదు. అందరును ఒక్కమారే కూర్చుండి తినుడు. ఎవరికి చాలలేదో అప్పుడు కంటికి కనబడును.

మరి మిగుల్చుట ఎచ్చట? అప్పులో. నూటికి మూడు రూపాయల వడ్డీ యని మనము తేలికగా అందుము. అది నెలకు. సంవత్సరమునకు ముప్పదియారు రూపాయలు. 10,000 రూపాయలు తెచ్చినచో నెలకు 300, అనగా దినమునకు పది రూపాయలు, మనము నిద్రించు రాత్రులతో కూడ. మూడేండ్లకు 10,800 చెల్లించిన తరువాతను అసలు పదివేలు అట్లే నిలిచియుండును. బీడీలు మానవలసినదే, టీలు తగ్గింపవలసినదే. అయినను ఈ రంధ్రమును పూడ్చక తక్కినవెన్ని పూడ్చినను కుండ నిండదు. చేతికి మొత్తముగా సొమ్ము వచ్చిన నాడు, పండుగ బట్టలకంటె ముందు, అన్నిటికంటె అధిక వడ్డీ గల అప్పును తీర్చవలెను.

మన ప్రాంతమునకు ఇది క్రొత్త పాఠము కాదు. నూలు అప్పుగా తెచ్చి, గుడ్డను ఆ వర్తకునికే ఆయన కట్టిన ధరకు ఇచ్చు నేతగానికి ఎంత నేసినను ఋణము తీరదు. మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార సంఘమును స్థాపించి, ఒంటరిగా బేరమాడలేని వారిని ఒక్క చోట చేర్చిరి. 1954లో ఆయనకు పద్మశ్రీ లభించెను. తరువాతి కాలమున స్త్రీలు అదే పని చేసి చూపిరి. 1992 నాటి సారా వ్యతిరేకోద్యమము తరువాత నెల్లూరు జిల్లాలో దినమునకు ఒక రూపాయి చొప్పున కూడబెట్టిన పొదుపులక్ష్మి సంఘములు వెలసెను. మన కర్నూలు జిల్లా ఓర్వకల్లు స్త్రీలు ఆ మార్గమున పేరు గడించిరి. ఆ రూపాయి గొప్పది కాదు. అవసరము వచ్చిన నాడు వడ్డీ వ్యాపారి గుమ్మమునకు పోకుండ నిలుపుట గొప్ప.

వర్షములు లేని యేట సుగ్గికని గుంటూరు సీమ మిరప చేలకు పోవు కుటుంబములు మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమున అనేకము. వారు తిరిగివచ్చు నాటికి జొన్నలు, కందులు, చింతపండు క్రొత్తవి సంతకు వచ్చియుండును. అప్పు తీర్చగా మిగిలిన దానితో ఆరు మాసముల గింజలు అప్పుడే కొనిన, శ్రావణమున అంగడిలో ఖాతా వ్రాయించుకొను పని తప్పును. ఖాతా వ్రాయించుకొనువాడు బేరమాడలేడు గదా! గింజలను బాగుగా ఎండబెట్టి, ఎండిన వేపాకు కలిపి, గోనెలను నేల తగులకుండ బల్లపై నుంచవలెను. మా తాతగారి నాడు జొన్న పాతరలుండెడివి. ఇప్పుడు పాతర త్రవ్వుదమన్నను ఇంటి ముందు సిమెంటే కాని నేల లేదు.

సుగ్గికి పోవునపుడు పిల్లలను బడి మాన్పించి వెంట తీసికొనిపోవుట మాత్రము పొదుపు కాదు. పంతులుగా నేను చూచితిని. అట్లు పోయినవారిలో తిరిగి అదే తరగతిలో కూర్చున్నవారు తక్కువ. అవ్వ వద్దనో, వలస కుటుంబముల పిల్లల కొరకు నడపు హాస్టలు ఉన్నచో అందులోనో ఉంచవలెను.

చిల్లర సంగతులు రెండు. అరువది వాట్ల పాత బల్బు దినమునకు ఐదు గంటలు వెలిగిన నెలకు 9 యూనిట్లు కాలును. తొమ్మిది వాట్ల ఎల్‌ఇడి బల్బు ఒకటిన్నర యూనిట్టైనను కాల్చదు. పోస్టాఫీసులో నెలకు 100 రూపాయలతోనే ఐదేండ్ల రికరింగు డిపాజిట్టు తెరువవచ్చును. కూలి వచ్చిన దినమే కట్టవలెను. మిగిలినప్పుడు కట్టుదమన్న ఎన్నడును మిగులదు.

మా తండ్రిగారి లెక్కల పుస్తకమును ఈ బల్లపై ఉంచితిని. సభ ముగిసిన తరువాత చూడగోరువారు చూడవచ్చును. అందు పదునొకండు సంవత్సరముల పద్దులున్నవి. నూలు, గంజి, బడి ఫీజు, వడ్డీ, మా చొక్కాలు, అన్నియు ఉన్నవి. మా అమ్మకు చీర అని వ్రాసిన పద్దులు రెండే.