మనవంటి సమూహాలు

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై శుభాలు, శాంతి కురియుగాక!

ధార్మిక సోదరులారా! భూమిపై నడిచే ప్రతి జంతువూ, రెక్కలతో ఎగిరే ప్రతి పక్షీ మనవంటి సమూహాలేనని దివ్య ఖుర్ఆన్‌లోని అన్ఆమ్ సూరా 38వ ఆయతు తెలుపుతున్నది. అదే సూరా 141వ ఆయతు వేర్వేరు రుచులు గల పంటలను ప్రస్తావించి, కోత దినాననే వాటి హక్కును చెల్లించమనీ, మితిమీరవద్దనీ ఆదేశిస్తున్నది. కనుక వైవిధ్యం సృష్టికర్త చేసిన ఏర్పాటు.

తొలకరి పడగానే ఎక్కడెక్కడివారో వచ్చి మన వజ్రకరూరు చేలలో వజ్రాల కోసం నేలను గాలిస్తారు. ఆ నేలకున్న మరొక సంపదను మనమే మరచిపోయాము. ఒకప్పుడు ఇక్కడ కొర్ర, సజ్జ, జొన్న, కంది, అలసంద, అనుము, ఆముదం కలిసి పండేవి. వాన మొహం చాటేసి ఒక పంట ఎండినా, మరొకటి నాలుగు గింజలిచ్చేది. పశువుకు మేత మిగిలేది. పిదప జిల్లా అంతటా వేరుశనగే పరచుకున్నది.

2000వ సంవత్సరంలో కాండం కుళ్లు వైరస్ తెగులు వచ్చి, అనంతపురం జిల్లాలో సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్ల వేరుశనగను దెబ్బతీసినది. వైరస్‌ను మోసినది వయ్యారిభామ పుప్పొడి. దానిని మొక్కకు అంటించినవి తామర పురుగులు. అప్పుడు శాస్త్రజ్ఞులు చెప్పిన ఉపాయాలలో ఒకటి, చేను చుట్టూ జొన్న గానీ సజ్జ గానీ కొన్ని సాళ్లు విత్తడం. మనం వెళ్లగొట్టిన పంటలే తిరిగి మన చేనుకు కావలి కాయవలసి వచ్చినవి!

అప్పు తెచ్చి విత్తే సోదరుని వేరుశనగ మానమని మేము చెప్పడం లేదు. చుట్టూ జొన్న సాళ్లు, నడుమ కంది సాళ్లు వేయండి. వయ్యారిభామను పూతకు ముందే పీకివేయండి. గట్టుమీది వేపను, తుమ్మను నరకకండి. పురుగులను ఏరి తినే పిట్టలకు అవే నివాసాలు. కృష్ణజింకలు చేలో పడితే కలిగే నష్టం మాకు తెలియనిది కాదు. అయినా వాటిని తరిమివేయండి. ఉచ్చులు పన్నకండి, విషం పెట్టకండి. పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ శిక్షకు గురైనదని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించిన సంగతి మరువరాదు.

ముస్లిం నాటిన మొక్క నుండి, విత్తిన చేను నుండి మనిషి గానీ, పక్షి గానీ, పశువు గానీ తిన్నది అతనికి సదఖా అవుతుందని ఆయన శుభవార్త ఇచ్చారు. పిట్ట తిన్న గింజ కూడా మన లెక్కలో వృథా కాదన్నమాట.

ఓ అల్లాహ్! మా నేలపై మేలైన వర్షాన్ని కురిపించు. నీవు మాకు అప్పగించిన ఈ అమానతును కాపాడే భాగ్యాన్ని ప్రసాదించు. ఆమీన్.