మందుతో పాటు ధైర్యం కూడా
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాణ్ణి. మార్కుల సభలో జబ్బుల మాటెందుకని మీరనుకోవచ్చు. దీర్ఘకాలపు జబ్బున్న పిల్లలు చదువులో వెనుకబడితే దానికి జబ్బొక్కటే కారణం కాదు, వెంట వచ్చే భయం కూడా. మందుల ఖర్చు రాసుకుంటాం, భయాన్ని లెక్కలోకే తీసుకోం.

టైప్ 1 మధుమేహం సంగతి చూడండి. మిఠాయిలు తిన్నందువల్ల వచ్చేది కాదది, తల్లి పెంపకంలో లోపమూ కాదు. ఒంట్లో ఇన్సులిన్ తయారుకాదు కాబట్టి రోజూ సూదులు తప్పవు. రక్తంలో చక్కెర 70 కంటే తగ్గితే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, గుండె దడ వస్తుంది. పరీక్షంటే భయపడినా ఇవే లక్షణాలు! ఏది ఏదో పిల్లవాడికి తెలియదు. ఒకసారి తరగతిలో కళ్లు తిరిగి పడితే, మళ్లీ పడతానేమోనని బడికే వెళ్లనంటాడు. చక్కెర తగ్గుతుందన్న భయంతో సూది మానేస్తే ప్రాణానికే ముప్పు.

అనుమానం వస్తే ముందు గ్లూకోమీటరుతో చూడాలి. తగ్గి ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. మీటరు లేకపోతే తగ్గిందనే అనుకుని ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. చక్కెర సరిగానే ఉంటే, అది భయమని తెలుసుకుని పక్కన కూర్చోవాలి.

మన సీమలో బోరునీళ్ల ఫ్లోరైడు వల్ల పళ్లపై మచ్చలు పడిన పిల్లలు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. మచ్చ పంటిమీదే, బాధ మనసుకు.

బడివేళకు కడుపునొప్పి, నిద్ర పట్టకపోవడం, ఆటలు మానడం వారాల తరబడి సాగితే "నాటకాలాడుతున్నావా" అని గద్దించకండి. కౌన్సెలింగ్ అంటే పిచ్చికి వైద్యం కాదు. భయం ఎక్కడ మొదలవుతుందో పిల్లవాడిచేతనే చెప్పించి, మొదట ఒక పూట బడి, తరువాత రోజంతా అని మెట్టుమెట్టుగా అలవాటు చేస్తారు.

మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, మందుచీటీ ఇంగ్లీషులో. భయాన్ని మాత్రం అమ్మతో మాట్లాడే మాటలోనే చెప్పుకోగలరు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్‌కు, 14416కు, ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడతారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్యానికి ప్రత్యేక విభాగమే ఉంది.

ఆడపిల్లయితే రేపు సంబంధాలు రావని జబ్బును దాచేవాళ్లున్నారు. దాస్తే మేష్టారికి తెలియదు, ఆపదలో ఆదుకోవలసినవారు ఆయనే. తరగతిలో చక్కెర చూసుకోవడానికి, సూది వేసుకోవడానికి, వేళకు తినడానికి మధుమేహమున్న పిల్లలను అనుమతించాలని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లో రాష్ట్రాలకు రాసింది. ఆ హక్కు వాడుకోవాలంటే సంగతి బడిలో చెప్పాలి కదా!

ట్రస్టు పెద్దలకు నాదొక మనవి. మార్కులు తగ్గాయని ఏ విద్యార్థి స్కాలర్‌షిప్పునైనా ఆపేముందు, పిలిచి రెండు మాటలడగండి. ఒంట్లో ఎలా ఉంది? మనసులో ఎలా ఉంది? జవాబు విన్నాకే సంతకం పెట్టండి.